కడచీల నుంచి స్పేసర్ దాకా: చక్రాన్ని ఇరుసుకు నిలిపిన చరిత్ర

1. ప్రస్తావన

చక్రం ఎక్కడ పుట్టిందని అడిగితే మెసొపొటేమియా అని రాసి, రెండు మార్కులు వేసుకుని ముందుకు పోయే విద్యార్థులను నేను చాలామందిని చూశాను.  అయితే చరిత్ర అక్కడితో అయిపోదు. ఒక మొద్దును గుండ్రంగా కోయడం పెద్ద కష్టమేమీ కాదు. తిరిగే చక్రాన్ని తిరగని బండికి ఎలా అతకాలి? అది పట్టేయకూడదు, ఊగకూడదు, దారిలో ఊడిపోకూడదు. ఈ మూడూ ఒకేసారి కుదరడమే అసలు సమస్య. మనిషి దీనికి ఒక్కో కాలంలో ఒక్కో పరిష్కారం కనిపెట్టాడు. ఈ పాఠంలో మీరు చదవబోయేది ఆ అతుకు చరిత్ర.

దీన్ని ఒక చిన్న వస్తువు దాకా తీసుకువెళ్తాను. దాని పేరు వీల్ స్పేసర్. కారు హబ్‌కూ చక్రానికీ మధ్య పెట్టే లోహపు బిళ్ల అది. చక్రాన్ని కొన్ని మిల్లీమీటర్లు బయటికి జరుపుతుంది. స్పోర్ట్స్ కార్ల కోసం వాడుకలోకి వచ్చిన ఈ బిళ్లను ఇవాళ మామూలు కార్లకు కూడా బిగించుకుంటున్నారు. చరిత్ర పాఠంలో దీనికేం పని అని మీకు అనిపించవచ్చు. కడచీల ఊడితే బండి ఏమవుతుందో, స్పేసర్ సరిగా కూర్చోకపోతే కారు అదే అవుతుంది. వేగం మాత్రం పది, ఇరవై రెట్లు ఎక్కువ. కాబట్టి ఈ పాఠంలో చక్రాన్ని ఎలా నిలిపారన్నదే కాక, అది నిలిచేలా చూసే బాధ్యత ఏ కాలంలో ఎవరిది అన్న ప్రశ్నను కూడా వెంట పెట్టుకుని నడుద్దాం.

2. ఎద్దు వీపు మీది నుంచి బండి మీదికి

కాకతీయుల కాలం అనగానే మనకు బండ్లు, రథాలు కళ్లముందు మెదులుతాయి. సినిమాలు చేసిన పని అది. దక్కనులో దూరప్రాంతాలకు సరుకు పోయింది ఎక్కువగా ఎద్దుల వీపుల మీద. ఎద్దుకు అటూ ఇటూ గోనెలు వేసి, మందలు మందలుగా తోలుకుపోయేవారు. తర్వాతి కాలంలో లంబాడీలు ధాన్యం, ఉప్పు మోసింది ఈ పద్ధతిలోనే. పెద్ద సైన్యాలు కదిలినప్పుడు వాటికి తిండిగింజలు అందించింది కూడా వాళ్లే. కారణం సులువుగా అర్థమవుతుంది. వాగులు, రాళ్లు, అడవి ఉన్న చోట ఎద్దు నడుస్తుంది, బండి నడవదు. బండికి దారి కావాలి. దారి వేయడానికి, దాన్ని ఏటా బాగుచేయడానికి ఒక పాలకుడు కావాలి.

ఊళ్లో, పొలానికీ కళ్లానికీ మధ్య బండి ఎప్పటి నుంచో ఉంది. పందొమ్మిదో శతాబ్దం నడుమ నుంచి రోడ్లు పడిన కొద్దీ అది ఊరు దాటింది. రైలు వచ్చాక స్టేషన్లకు సరుకు చేరవేసే పని బండికి దక్కింది. రైలు వస్తే బండి పోతుందని అనుకుంటాం కదా. వరంగల్ ప్రాంతంలో మొదట జరిగింది దానికి తలకిందులు. 1934లో వరంగల్‌లో ఆజంజాహి మిల్లు ఏర్పడ్డాక మిల్లు పట్టణానికి పత్తి రావాలన్నా ఊళ్ల దగ్గర నుంచి మొదటి ప్రయాణం ఎడ్లబండి మీదే. మేడారం జాతరకు రెండేళ్లకోసారి మాఘమాసంలో అడవి దారిన బండ్లు బారులు తీరడం మీ ఇళ్లలో పెద్దలు చెప్పే ఉంటారు. ఆ బండ్లు బయలుదేరే ముందు ఇంటి యజమాని చూసేవి రెండు. ఒకటి ఎద్దు గిట్ట, రెండోది బండి చక్రం.

3. వడ్రంగి, కమ్మరి, కడచీల

బండి చక్రాన్ని ఒకసారి విడదీసి చూద్దాం. నడుమ లావుపాటి కుండ ఉంటుంది. దానిలో నుంచి ఆకులు బయలుదేరి చుట్టూ ఉన్న కమ్మిని మోస్తాయి. కమ్మి మీద ఇనుప పట్టా ఉంటుంది. కుండ రంధ్రంలో నుంచి ఇరుసు కొన బయటికి వస్తుంది. ఆ కొనకు ఒక బెజ్జం, ఆ బెజ్జంలో అడ్డంగా దిగిన ఇనుప మేకు. అదే కడచీల. ఇరుసు తిరగదు, చక్రం ఇరుసు మీద తిరుగుతుంది. చక్రం బయటికి జారకుండా ఆపుతున్నది ఆ ఒక్క చీలే.

కైక కథ మీకు తెలిసిందే. యుద్ధంలో దశరథుడి రథానికి చీల ఊడిపోతే ఆమె తన వేలు అడ్డం పెట్టి చక్రాన్ని కాపాడిందని, దానికి మెచ్చి రాజు రెండు వరాలు ఇచ్చాడని చెప్పుకుంటారు. వాల్మీకి రామాయణంలో ఆమె గాయపడిన రాజును యుద్ధభూమి నుంచి తప్పించి రక్షించిందని మాత్రమే ఉంది. వేలు పెట్టిన ముచ్చట జనం నోట పెరిగింది. చరిత్ర విద్యార్థిగా మీరు గమనించవలసింది ఇక్కడే. ఒక రాజ్యం తలరాతను మార్చిన సాయం ఏమై ఉంటుందని ఊహించుకోవలసి వచ్చినప్పుడు బండి తోలే జనానికి తట్టింది కడచీల. దాని విలువ వాళ్లకు రోజూ తెలిసే విషయం. తిరుక్కురళ్‌లో కూడా పెద్ద రథాన్ని నిలిపే చిన్న చీల ప్రస్తావన ఉంది. పైకి చిన్నగా కనిపించేవాణ్ణి చులకన చేయవద్దని చెప్పడానికి తమిళ కవి ఎంచుకున్న పోలిక అది.

కుండకూ చీలకూ మధ్య ఒక ఇనుప బిళ్ల వేసే అలవాటు ఉంది. కుండ అరిగిన కొద్దీ చక్రం అటూ ఇటూ ఆడుతుంది. ఆ సందును బిళ్ల పూడుస్తుంది. చూడటానికి ఇది నేటి స్పేసర్‌లా ఉంటుంది గానీ పని వేరు. బండి బిళ్ల చక్రం బయటి పక్కన కూర్చుని ఆటను తగ్గిస్తుంది. స్పేసర్ చక్రం లోపలి పక్కన కూర్చుని చక్రాన్నే బయటికి నెడుతుంది. ఒకటి అతుకును బిగించడానికి పుట్టింది, రెండోది అతుకు మీద భారం పెంచుతుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

పట్టా వేయడం ఊళ్లో ఒక పండుగలా జరిగేది. ఇనుప పట్టాను చక్రం చుట్టుకొలత కన్నా కాస్త చిన్నగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాలుస్తారు. వేడికి అది సాగుతుంది. కాలిన పట్టాను పటకార్లతో ఎత్తి కమ్మి మీద కూర్చోబెట్టి నీళ్లు గుమ్మరిస్తారు. చల్లబడి ముడుచుకున్న ఇనుము కమ్మిని, ఆకులను, కుండను ఒక్కటిగా బిగించేస్తుంది. మేకులు, మరలు లేకుండా బిగువు ఒక్కదానితోనే నిలిచే అతుకు ఇది. మరో రూపంలో ఇదే సూత్రం రైలు చక్రంలో మళ్లీ మీకు కనిపిస్తుంది.

ఇక కూలి సంగతి. చాలా ఊళ్లలో వడ్రంగికి, కమ్మరికి పనికింత అని డబ్బు ఇచ్చేవారు కాదు. పంట ఇంటికి వచ్చినప్పుడు కళ్లం దగ్గర ఇంత ధాన్యం అని కొలిచేవారు. గ్రామ వృత్తుల చరిత్రలో ఆయగాళ్ల వ్యవస్థ, నిజాం రాజ్యపు రికార్డుల భాషలో బలూతా పద్ధతి అని మీరు చదివింది ఇదే. దీనిలోని కులపు కట్టుబాటును, చాకిరీని తక్కువ చేసి చెప్పవలసిన పని లేదు. అయితే చక్రం వరకు దీనిలో ఒక గుణం ఉంది. వడ్రంగికి దక్కింది ఒకనాటి పనికి కూలి కాదు, ఏడాది పొడవునా బండి నడిచినందుకు ప్రతిఫలం. చక్రం ఆడుతోందంటే మళ్లీ చూడవలసింది ఆయనే. చేసిన పనిని తిరిగి తనిఖీ చేయడం ఆ చెల్లింపులోనే ఇమిడి ఉంది.

4. రైలు: వెడల్పుకు శాసనం

వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు 1874లో వచ్చింది. ఆ దారి వరంగల్ మీదుగా సాగి 1889లో బెజవాడ చేరింది. 1929 నాటికి కాజీపేట నుంచి బల్లార్షా వైపు దారి కూడా కలిసి, ఉత్తర దక్షిణ భారతాల నడుమ కాజీపేట పెద్ద కూడలి అయింది.

బండికి చక్రాల మధ్య దూరం ఎంత ఉండాలన్నది ఊరి వడ్రంగి ఇష్టం, ఊరి బాటల అలవాటు. రైలుకు అలా కుదరదు. పట్టాల మధ్య దూరం, అంటే గేజి, ముందే తేలాలి. బ్రిటన్‌లో ప్రామాణికమైన గేజి 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. డల్హౌసీ కాలంలో భారతదేశానికి అంతకన్నా వెడల్పైన 5 అడుగుల 6 అంగుళాల గేజి నిర్ణయమైంది. మిల్లీమీటర్లలో చెప్పాలంటే 1,676. వెడల్పు పెరిగితే బండి నిలకడ పెరుగుతుందన్నది అప్పుడు వినిపించిన వాదనల్లో ఒకటి. ఖర్చు చూసుకుని 1870లలో మీటరు గేజి కూడా ప్రవేశపెట్టారు. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వైపు వెళ్లిన దారి అలాంటిదే. ఫలితంగా రెండు గేజిలు కలిసిన ప్రతిచోటా సరుకును ఒక బండిలో నుంచి దించి మరో బండికి ఎక్కించే కూలీల చాకిరీ వంద సంవత్సరాలు సాగింది. దేశమంతా ఒకే గేజి అన్న పథకం 1992లో గానీ మొదలు కాలేదు. చక్రాల మధ్య దూరం మార్చడం ఎంత ఖరీదైన పనో చూడండి.

రైలు చక్రానికి నట్లు, బోల్టులు లేవు. ఇరుసు కన్నా చక్రం రంధ్రాన్ని వెంట్రుకవాసి చిన్నగా చేసి, టన్నుల బలంతో ఇరుసు మీదికి నొక్కి ఎక్కిస్తారు. చక్రాలూ ఇరుసూ కలిసే తిరుగుతాయి. బ్రాడ్‌గేజిలో రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 1,600 మిల్లీమీటర్లు. దాని మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాకే అనుమతి. పెద్ద స్టేషన్లలో రైలు ఆగినప్పుడు ఒక మనిషి పొడవాటి సుత్తితో ఒక్కో చక్రాన్నీ కొడుతూ పోవడం పాత తరం వాళ్లు చూసే ఉంటారు. ఖంగుమని మోగితే చక్రం బాగున్నట్టు, బొంగురుగా పలికితే పగులు ఉన్నట్టు. వడ్రంగి స్థానంలో ఇక్కడ జీతగాడు వచ్చాడు. తనిఖీ ఊరి మర్యాద నుంచి కంపెనీ నియమంగా మారింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: బండి పట్టాకు, రైలు చక్రపు అతుకుకు మధ్య ఉన్న పోలిక ఏమిటి? మూడు వాక్యాల్లో రాయండి.

5. బస్సు, లారీ: నట్ల కాలం

1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభించింది. నేటి ఆర్టీసీలకు మూలం అది. బస్సులను నడిపింది రైల్వే సంస్థ అన్న మాటను దాటేసి పోకండి. రైలు చక్రాలను సుత్తితో కొట్టి చూసే క్రమశిక్షణ బస్సు డిపోలోకి కూడా అడుగుపెట్టింది. బండి బయలుదేరే ముందు చూడటం, తిరిగి వచ్చాక చూడటం, చూసినట్టు రాసి సంతకం పెట్టడం అక్కడి పద్ధతి.

మోటారు వాహనంతో చక్రపు అతుకు రూపం మారింది. టైరు పంక్చర్ అవుతుంది కాబట్టి చక్రం దారి మీదే ఊడిరావాలి. ఊడకూడదు, కానీ కావాలంటే ఊడాలి! మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే ఇంగ్లండులో రడ్జ్-విట్‌వర్త్ కంపెనీ నడుమ ఒకే పెద్ద నట్‌తో బిగించే చువ్వల చక్రాన్ని తెచ్చింది. సుత్తితో రెండు దెబ్బలు వేస్తే వదులయ్యే ఆ చక్రం పందేల కార్లకు ప్రాణమైంది. కారు కుడి ఎడమలకు మర తిరిగే దిక్కు వేరువేరుగా ఉండేది. తిరిగే చక్రం తన నట్‌ను తానే వదులు చేసుకోకుండా చేసిన ఏర్పాటు అది. పాత లారీల్లో కూడా రెండు పక్కలకూ మరలు వేరుగా ఉండేవి. తెలియక ఎడమ పక్క నట్‌ను మామూలుగా విప్పబోయి మరింత బిగించిన క్లీనర్ల కథలు లారీ అడ్డాల్లో ఇప్పటికీ వినిపిస్తాయి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరుగెత్తిన ఫార్ములా-ఈ కార్ల చక్రాలకు కూడా నడుమ ఒక్కటే నట్. మన ఇళ్ల ముందు ఉండే కార్లకు మాత్రం నాలుగో అయిదో నట్లు, లేదా బోల్టులు.

ఈ నట్లు ఏం చేస్తాయో సరిగా అర్థం చేసుకుంటే తప్ప స్పేసర్ సంగతి తేలదు. చక్రం స్టడ్‌ల మీద వేలాడుతోందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. నట్ బిగించినప్పుడు స్టడ్ కంటికి కనిపించనంతగా సాగుతుంది. సాగిన స్టడ్ మళ్లీ ముడుచుకోవాలని చూస్తూ చక్రాన్ని హబ్‌కు అదిమి పట్టి ఉంచుతుంది. మామూలు కారులోని 12 మిల్లీమీటర్ల స్టడ్‌ను పొడి మర మీద 110 న్యూటన్ మీటర్లకు బిగిస్తే అది నాలుగు టన్నులకు పైగా బలంతో అదుముతుంది. ఆ ఒత్తిడి వల్ల రెండు లోహపు ముఖాల మధ్య పుట్టే రాపిడే బండిని మోస్తుంది. మన పట్టా బిగువు మళ్లీ వచ్చింది చూశారా! వదులైన నట్ ప్రమాదం ఇక్కడే. అదుము తగ్గితే ముఖాలు జారతాయి, భారం స్టడ్ మీద అడ్డంగా పడుతుంది, అది వంగి వంగి చివరికి తెగుతుంది.

6. వెడల్పు మోజు

వరంగల్ జిల్లా రైతుబిడ్డలకు చక్రాన్ని బయటికి జరపడం కొత్త కాదు. ట్రాక్టర్ వెనక చక్రాల మధ్య దూరాన్ని సాళ్లకు తగ్గట్టు మార్చుకోవచ్చు. రిమ్ము, డిస్కు తిప్పి బిగిస్తే వెడల్పు మారేలా కంపెనీయే తయారు చేసి ఇస్తుంది. వరి మడి దున్నేటప్పుడు వెనక టైర్ల పక్కన ఇనుప కేజ్ వీల్స్ బిగిస్తారు. బురదలో అవి ట్రాక్టర్‌ను దిగబడనివ్వవు. అవే కేజ్ వీల్స్‌తో తారు రోడ్డెక్కితే రోడ్డు చీలిపోతుంది, అధికారులు కేసు పెడతారు. మడిలో మేలు చేసిన వెడల్పు రోడ్డు మీద నేరమైంది.

కారు లోకంలో వెడల్పును అమ్మకపు మాటగా మార్చింది అమెరికా. 1959 నమూనాల్లో పాంటియాక్ కంపెనీ చక్రాల మధ్య దూరాన్ని సుమారు 5 అంగుళాలు పెంచి, 'వైడ్ ట్రాక్' పేరుతో ప్రచారం చేసింది. కార్లు బాగా అమ్ముడుపోయాయి. కంపెనీ వెడల్పు పెంచింది బిళ్లలు పెట్టి కాదు, కారు అడుగుభాగాన్ని ఆ కొలతకు తయారు చేసి. స్పోర్ట్స్ కార్ల తయారీదారు పోర్షే కొన్ని నమూనాలకు తానే స్పేసర్లు ఇచ్చింది. వాటికి తగిన పొడవున్న బోల్టులనూ నిర్ణయించింది. అంటే బిళ్ల స్వయంగా దోషి కాదు. లెక్క చూసి పెట్టినది వేరు, అందం చూసి పెట్టినది వేరు.

ఆ లెక్క మనమూ చేద్దాం. 1,400 కిలోల కారు, చక్రాల మధ్య 1,500 మిల్లీమీటర్లు, బరువు కేంద్రం నేల నుంచి 500 మిల్లీమీటర్ల ఎత్తు అనుకోండి. మలుపులో భూమ్యాకర్షణలో సగం బలం పక్కకు లాగితే, లోపలి చక్రాల మీది నుంచి బయటి చక్రాల మీదికి మారే బరువు 1,400 × 0.5 × 500 ÷ 1,500, అంటే సుమారు 233 కిలోలు. ఇప్పుడు ఒక్కో పక్క 15 మిల్లీమీటర్ల స్పేసర్ పెట్టాం. దూరం 1,530 అయింది. మారే బరువు సుమారు 229 కిలోలు. లాభం అయిదు కిలోల లోపు, అంటే రెండు శాతం. పందెంలో క్షణంలో వందో వంతు కోసం తపించేవాడికి అది లాభమే. హనుమకొండ నుంచి హైదరాబాద్‌కు జాతీయ రహదారి 163 మీద వెళ్లివచ్చేవాడికి అది తెలియను కూడా తెలియదు.

నష్టం వైపు చూడండి. చక్రం బయటికి జరిగిన కొద్దీ బేరింగ్ మీద మీట బలం పెరుగుతుంది. బావి గిలక ఇరుసు పొడుగైతే కొన దగ్గర ఎలా వంగుతుందో అలాగే. గుంతలో పడినప్పుడు ఆ బలం ఎన్నో రెట్లు అవుతుంది. స్టీరింగు తిరిగే కేంద్రానికీ టైరు నేలను తాకే చోటుకూ మధ్య తయారీదారు పెట్టిన దూరం చెడుతుంది. ఒక పక్క ఇసుక, ఒక పక్క తారు ఉన్న చోట బ్రేకు వేస్తే స్టీరింగు చేతిలో లాగుతుంది. రెక్కల బయటికి వచ్చిన టైరు వెనకవాళ్ల మీదికి రాళ్లు చిమ్ముతుంది, మలుపులో ఫెండర్ అంచుకు రాసుకుంటుంది.

7. పెట్టక తప్పదనుకుంటే

పోర్షే అంతటి కంపెనీ కూడా పెట్టింది కాబట్టి సురక్షితంగా పెట్టే పద్ధతి లేదనలేం. అయితే దాని ప్రతి మెట్టు వెనకా పైన చదివిన చరిత్రే ఉంది.

మొదటి ప్రశ్న మరచుట్లది. 12 మిల్లీమీటర్ల స్టడ్‌కు మరచుట్ల దూరం 1.5 మిల్లీమీటర్లు అయితే, నట్ కనీసం 8 పూర్తి చుట్లు ఎక్కాలి. అంటే స్టడ్ ఎంత లావో అంత లోతు. 14 మిల్లీమీటర్ల స్టడ్‌కు తొమ్మిదిన్నర చుట్లు. చక్రం కింద 5 మిల్లీమీటర్ల బిళ్ల దూర్చితే మూడుకు పైగా చుట్లు పోతాయి. పాత స్టడ్‌లతోనే బిగించేసే చోట్ల జరిగే అనర్థం ఇదే. నట్ బిగిసినట్టే అనిపిస్తుంది, అయిదు చుట్ల మీద వేలాడుతుంది. చేత్తో నట్ ఎక్కిస్తూ చుట్లు లెక్కపెట్టండి. తక్కువైతే పొడవైన స్టడ్‌లు వేయించాలి, లేదా స్పేసర్ మానుకోవాలి. స్టడ్‌కు బదులు బోల్టులు ఉండే జర్మన్ తరహా కార్లలో బోల్టు పొడవు సరిగ్గా స్పేసర్ మందం మేరకే పెరగాలి. మరీ పొడవైతే కొన వెనక ఉన్న బ్రేకు భాగాలను కొడుతుంది.

స్పేసర్లు రెండు రకాలు. ఒకటి ఉత్త బిళ్ల. రెండోది హబ్‌కు తానే బిగుసుకుని, చక్రం కోసం తనకంటూ వేరే స్టడ్‌లు ఉండేది. ఈ రెండో రకం మందంగా ఉండాలి, సాధారణంగా 20 మిల్లీమీటర్లు లేదా ఆపైన. పలుచగా ఉంటే కారు పాత స్టడ్‌ల కొనలు బయటికి పొడుచుకొచ్చి చక్రాన్ని సరిగా కూర్చోనివ్వవు. ఏ రకమైనా నడుమ రంధ్రం కారు హబ్ ఉబ్బుకు సరిగ్గా సరిపోవాలి, బయటి పక్క అలాంటి ఉబ్బే చక్రానికి ఇవ్వాలి. ఇలా కేంద్రం కుదరకపోతే వేగం పెరిగినప్పుడు కారు వణుకుతుంది. పోతపోసిన నాసిరకం బిళ్ల కాక, గట్టి అల్యూమినియం మిశ్రమాన్ని దిమ్మ నుంచి చెక్కినదో సుత్తిపోటు వేసినదో ఎంచుకోవాలి. ఒకదాని మీద ఒకటిగా రెండు బిళ్లలు ఎప్పుడూ పెట్టకూడదు. ఎన్ని ముఖాలు ఉంటే అన్ని చోట్ల జారే అవకాశం.

ఇక బిగింపు. కారును గట్టి, సమతల నేల మీద ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, నేల మీద ఉన్న చక్రాలకు అడ్డు పెట్టి, జాకీతో ఎత్తి, కింద స్టాండు పెట్టాకే చక్రం విప్పాలి. హబ్ ముఖాన్ని తీగ బ్రష్‌తో లోహం మెరిసేదాకా తోమాలి. తుప్పు పొర, రంగు, ఇసుక రేణువు ఏదున్నా మొదట బిగువుగా అనిపించి, నాలుగు రోజులకు నలిగి, నలిగిన మేరకు అదుము పోతుంది. పట్టా వేసే ముందు కమ్మరి కమ్మి అంచును ఎందుకు చదును చేసేవాడో ఇప్పుడు తెలిసిందా? స్పేసర్ ముఖాలు కూడా శుభ్రంగా ఉండాలి. బిళ్లను హబ్ మీద పెట్టి వేళ్లతో నొక్కినప్పుడు ఎటూ ఊగకూడదు. నట్ కూర్చునే గుంట శంకువులా ఉందా, గుండ్రంగా ఉందా చూసి అదే ఆకారపు నట్ వాడాలి. కారు పుస్తకం చెబితే తప్ప మరలకు గ్రీజు రాయకూడదు. జిడ్డు మర మీద అదే పానా బలానికి స్టడ్ ఎక్కువ సాగిపోతుంది. బండి ఇరుసుకు కందెన పెట్టే అలవాటును ఇక్కడికి తేకండి. అక్కడ తిరగడం కావాలి, ఇక్కడ తిరగకపోవడం కావాలి.

నట్లన్నీ చేత్తో ఎక్కించి, ఎదురెదురుగా వరస మార్చుకుంటూ కొంచెం కొంచెం బిగించి, చక్రం నేల తాకాక టార్క్ రెంచితో కారు పుస్తకంలో ఉన్న అంకెకు తేవాలి. గాలి తుపాకీతో టకటకా బిగించి వదిలేస్తే ఒక స్టడ్ ఎక్కువ, ఒకటి తక్కువ సాగుతుంది. హబ్‌కు బిగుసుకునే రకం అయితే రెండు వరసల నట్లకూ ఇదే కొలత. తర్వాత స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి, టైరు ఎక్కడా తగలడం లేదని చూడాలి. 80 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక నట్లను మళ్లీ రెంచితో సరిచూడాలి. రెండు వరసలు ఉంటే చక్రం విప్పి, లోపలి వరసను కూడా చూడాలి. ఈ మధ్యలో వణుకు గానీ టకటక చప్పుడు గానీ వస్తే బండి అక్కడే ఆపాలి.

8. ఎవరి బాధ్యత?

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా ఉండేలా వాహనాన్ని యజమాని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగా సమర్థిస్తూ తీర్పు ఇచ్చింది. అదే ఏడాది చట్ట సవరణతో చేరిన 182ఎ సెక్షన్ అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించవచ్చంటుంది. శిక్ష యజమానికి, బిగించిన షాపుకు కాదు. కాబట్టి రోడ్డు మీద నడిపే కారుకు స్పేసర్ పెట్టే ముందు రవాణా కార్యాలయాన్ని, బీమా సంస్థను లిఖితపూర్వకంగా అడగడం అవసరం.

మనం మొదట వెంట పెట్టుకున్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు వెతకండి. ఊళ్లో వడ్రంగి ఏడాది ధాన్యానికి కట్టుబడి మళ్లీ వచ్చి చూశాడు. రైలుకు సుత్తి పట్టిన జీతగాడు ఉన్నాడు. బస్సుకు డిపో రిజిస్టరు ఉంది. కారుకు స్పేసర్ బిగించిన షాపువాడికి డబ్బు ముట్టింది, పని ముగిసింది. వంద కిలోమీటర్ల తర్వాత నట్ చూడటానికి అతడు రాడు, చూడమని చట్టమూ అతణ్ణి అడగదు. ఆ రెండో చూపు రెంచి పట్టిన యజమానిదే, అతడికి ఆ సంగతి తెలిసి ఉంటే.

అభ్యాసం: మీ ఊళ్లో పాత బండి చక్రం ఒకటి ఎక్కడైనా ఉంటే దాని కుండ లోతు, ఇరుసు కొన మందం, కడచీల పొడవు కొలిచి రాసుకోండి. దాన్ని చేసిన కుటుంబం ఇప్పుడు ఏ పని చేస్తోందో, పాత రోజుల్లో పట్టాకు కూలి ఏ రూపంలో వచ్చేదో పెద్దలను అడిగి, రెండు పుటల్లో మీ అధ్యయన కేంద్రంలో సమర్పించండి.